పసుపు సారమును తీయు యంత్రము మన సంఘములకు వలయునా?

పసుపు త్రవ్వు దినములు వచ్చినప్పుడెల్ల మన సంఘములలో జరుగు చర్చ ధరను గూర్చినదే. ఇప్పుడు దానికి మఱియొక చర్చ తోడైనది. పసుపును కొమ్ములుగా అమ్ముట మాని, అందలి కర్కుమిన్ అను సారమును మనమే తీసి అమ్మిన నేమియని పలువురు సభ్యులు అడుగుచున్నారు. యంత్రములు అమ్మువారి ప్రతినిధులు గ్రామములకు వచ్చి రంగు చిత్రములు గల కరపత్రములను పంచుచున్నారు. అప్పు కూడ ఇప్పించెదమని చెప్పుచున్నారు. సభ్యుల వాటాధనము ఇందు చిక్కుపడు ప్రమాదము కలదు గనుక, మా యభిప్రాయమును దాపఱికము లేక తెలుపుచున్నాము. ఆ యంత్రమును కొనవలదు. అయితే అట్టి యంత్రములు గలవారికి మనము సరకు అమ్ము పద్ధతిని మాత్రము తప్పక మార్చుకొనవలెను. ఈ రెండవ మాటయే ముఖ్యమని మా నమ్మకము.

సారము తీయుట యనగా నేమో మొదట తెలిసికొందము. ఇది మన యిండ్లలో ఎఱుగని విద్య కాదు. పసుపు పొడిని నీళ్లలో కలిపి కొంతసేపు కదలక యుంచినచో అడుగునకు దిగిపోవును. పైనీరు కొద్దిగా మాత్రమే రంగు పట్టును. అదే పొడిని స్పిరిటులో వేసినచో స్పిరిటు చిక్కని పచ్చగా మాఱును. కర్కుమిన్ నీటిలో దాదాపుగా కరుగదు, స్పిరిటులోను అసిటోనులోను కరుగును. పెండ్లిలో పారాణి కలుపు ముత్తైదువ పసుపులో సున్నము వేయగానే అది ఎఱ్ఱబాఱును. పచ్చడి మరకపడిన బట్టకు సబ్బు తగిలినప్పుడు ఎఱ్ఱనగుటయు ఇందువలననే. నిమ్మరసము పిండినచో మరల పచ్చనగును. ఆ బట్టను ఎండలో ఆఱవేసినచో మరక వెలిసిపోవును, ఏలయన ఈ పదార్థము వెలుతురునకు చెడిపోవు స్వభావము గలది. కర్కుమిన్ స్వభావములో మనకు వలసినది చాల వఱకు ఈ నాలుగు సంగతులలోనే యున్నది. శాస్త్రజ్ఞులు చేసినదెల్ల దీనిని తూకమునకును కొలతకును తెచ్చుట.

1815లో వోగెల్, పెల్టియే అను రసాయనికులు పసుపునుండి ఈ వర్ణద్రవ్యమును వేఱుచేసి దానికి పేరిడిరి. దాని నిర్మాణము నిర్ధారణ యగుటకు 1910 వఱకు పట్టెను. అటుపిమ్మట తెలిసినదేమనగా, మనము కర్కుమిన్ అని పిలుచునది ఒక్క పదార్థము కాదు, ఒకే వంశమునకు చెందిన మూడు పదార్థములు. అందు పెద్దభాగము అసలు కర్కుమినుదే. కర్మాగారములో దీనిని తీయు విధమును సంగ్రహముగా చెప్పెదము. ఎండిన కొమ్ములను బరకగా దంచి పెద్ద పాత్రలలో నింపి, వానిపై అసిటోను వంటి ద్రావకమును పదేపదే పోయుదురు. ద్రావకము రంగును, జిడ్డును, వాసన గల తైలమును తనలోనికి తీసికొని దిగును. దానిని ఆవిరి చేసి ద్రావకమును మరల పట్టుకొన్నచో, చిక్కని ఎఱుపు కలిసిన పసుపు వన్నె గల జిడ్డు సారము మిగులును. దీనిని చల్లార్చి నిలువయుంచగా కర్కుమిన్ పలుకులుగా పేరుకొనును. ఆ పలుకులను వడగట్టి, కడిగి, మరల కరగించి, మరల పేర్చినచో నూటికి 95 పాళ్ల శుద్ధి వచ్చును. చెఱకు రసమునుండి పటికబెల్లము పేర్చుట చూచినవారికి ఈ చివరి మెట్టు క్రొత్తగా తోచదు.

పని తెలిసినంత మాత్రమున అది మనకు తగినదని కాదు. అసిటోను సుమారు 56 డిగ్రీల వేడికే మరగును. దాని ఆవిరి గాలికంటె బరువైనది. నేలను ప్రాకి పోవును. అవతలి గదిలో వెలుగుచున్న పొయ్యి దానికి చాలును. అందుచేత ఆ కట్టడము వేఱు, అచ్చటి విద్యుద్దీపములు వేఱు, అచ్చట పనిచేయువారి శిక్షణ వేఱు. స్పిరిటును వాడుదమన్న ఎక్సైజు శాఖ అనుమతి వలయును. తిను వస్తువుగా అమ్ముటకు ఒక లైసెన్సు, మందుగా అమ్ముటకు 1940 నాటి ఔషధ చట్టము క్రింద మఱియొక లైసెన్సు. తీసిన సారములో ద్రావకము ఎంత మిగిలినదో కూడ కొలిచి చూపవలెను. సుగంధ ద్రవ్యముల జిడ్డు సారములలో అసిటోను పది లక్షల వంతులకు 30 వంతులు మించరాదని అమెరికా దేశపు నిబంధన. దీనిని కొలుచు యంత్రము ఒక్కటే మన చిన్న సంఘములలో కొన్నింటి గిడ్డంగికంటె ఖరీదైనది.

కొంతకాలము క్రిందట ఒక సంఘ సమావేశమునకు మేమును పోయియుంటిమి. యంత్రముల వర్తకుని ప్రతినిధి తన కరపత్రములో ఒక ప్రక్క ఎండు పసుపు ధరయు, మఱియొక ప్రక్క నూటికి 95 పాళ్ల సారపు ధరయు వేసి, నడుమ నున్నదంతయు లాభమే యన్నట్లు చూపెను. మేము మూడు ప్రశ్నలడిగితిమి. కిలో సారమునకు పసుపెంత? ప్రతి దఫా నష్టమగు ద్రావకమెంత? మిగిలిన పిప్పిని కొనువారెవరు? మొదటిదానికి జవాబు చెప్పెను. రెండవదానికి "చాలా కొద్ది" యనెను. మూడవదానికి నవ్వెను. అప్పుడు వెనుక వరుసలోని ముసలి సభ్యుడొకడు లేచి, "అయ్యా, మేము తీసిన సారాన్ని మీరే కొంటామని కాగితం రాసిస్తారా?" అని యడిగెను. ఆ ప్రశ్న మాకు తోచలేదు. మా మూడింటికంటె అదియే గట్టిది. అట్టి కాగితము ఆనాడు రాలేదు, తరువాతను రాలేదు.

మొదటి ప్రశ్నకు జవాబును చదువరులే వేసికొనవచ్చును. పచ్చి కొమ్ములు 5 క్వింటాళ్లు ఉడికించి ఎండించిన సుమారు 1 క్వింటాలు ఎండు పసుపు వచ్చును. అందు నూటికి 3 పాళ్లు కర్కుమిన్ ఉన్నచో, క్వింటాలులో నున్నది 3 కిలోలు. పిప్పిలో కొంత, జిడ్డులో కొంత నిలిచిపోవును గనుక చేతికి వచ్చునది అంతకు తక్కువ. 5 పాళ్లు గల పసుపైనచో క్వింటాలులో నున్నది 5 కిలోలు. దంచుటకు కూలి అంతే, ద్రావకము అంతే, బొగ్గు అంతే. కావున సారము తీయువానికి రెండవ బస్తా మొదటి బస్తాకంటె ఎంతో విలువైనది. ఈ సంగతి అతనికి తెలియును, తెలిసి పరీక్ష చేయించియే కొనును. కేరళలో కొచ్చి పరిసరములందలి సారపు కర్మాగారములు అలెప్పీ పసుపును కోరుటకు కారణము దాని సొగసు కాదు, దానిలోని పాలు. మన అంగడిలో మాత్రము కొమ్ము పొడవును, మెఱుగును, విఱిచినప్పటి రంగును కంటితో చూచి ధర కట్టుదురు. కన్ను 3 పాళ్లకును 4 పాళ్లకును భేదము చెప్పజాలదు. అమ్మువాడు కంటితోను కొనువాడు తూనికతోను బేరము చేయుచున్నారు. మనకు జరుగుచున్న నష్టము యంత్రము లేకపోవుటవలన కాదు, ఈ భేదమువలననే.

ఇట్టి సంగతి పూర్వమొక పంటలో జరిగి తేలినది. పైన చెప్పిన పెల్టియేయే 1820లో కవంతూ అను సహచరునితో కూడి సింకోనా పట్టనుండి క్వినైన్ తీసెను. తరువాత ఆ చెట్టును నీలగిరులలో దొరతనమువారును, జావాలో డచ్చివారును, సింహళములో దొరలును నాటిరి. సింహళమున కాఫీ తోటలు ఆకుతెగులుచే నశించినపుడు తోటల యజమానులు సింకోనాను విస్తారముగా నాటి, పట్టను మితిమీఱి పంపి, ధరను తామే పడగొట్టుకొనిరి. పిమ్మట ఆ చెట్లను పెఱికివేసి తేయాకు వేసిరి. డచ్చివారు 1865లో కొన్న లెడ్జరు విత్తనమునుండి వచ్చిన చెట్ల పట్టలో క్వినైన్ మిక్కిలి హెచ్చుగా నుండెను. ఆమ్‌స్టర్‌డాము అంగడిలో పట్టకు తూకముతో గాక, పరీక్షించి అందలి క్వినైన్ పాలునుబట్టి ధర కట్టిరి. పాలు హెచ్చుగా గలవారు నిలిచిరి, బరువు మాత్రమే గలవారు పోయిరి. ఆ తోటలవారిలో పట్టను అమ్మి బ్రదికినవారే హెచ్చు. క్వినైన్‌ను తామే తీయవలెనని వారు పట్టుబట్టలేదు. తమ పట్టలో ఎంత క్వినైన్ ఉన్నదో మాత్రము వారికి ముందే తెలిసియుండెను.

ఇక మందు సంగతి. నూటికి 95 పాళ్ల సారమును గుళికలుగా చేసి, సర్వరోగములకును మందని ప్రకటించువారు కలరు. పసుపు మనకు పూజ్యమైనది, వంటలోను గాయములకును తరతరముల వాడుక గలది. గాయములు మాన్పుటలో పసుపు వాడుకకు 1995లో అమెరికాలో పేటెంటు ఇయ్యగా, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలివారు పూర్వ గ్రంథములను సాక్ష్యముగా చూపి 1997లో దానిని రద్దు చేయించిరి. అది మనకు గౌరవమే. కాని వాడుక వేఱు, నిరూపణము వేఱు. కర్కుమిన్ నోటి ద్వారా తిన్నచో రక్తములోనికి ఎక్కునది చాల స్వల్పము. మిరియములలోని పైపరిన్‌తో కలిపి ఇచ్చిన ఎక్కుట హెచ్చునని 1998లో ప్రకటితమైన పరీక్ష చూపినది; కాని ఎక్కుట హెచ్చినంత మాత్రమున రోగము కుదిరినట్లు కాదు. 2019లో ఇటలీ దేశమున పసుపు సారపు గుళికలు తిన్న కొందఱికి కాలేయము వాచినట్లు అచ్చటి అధికారులు ప్రకటించిరి. కూరలో వేసిన చిటికెడు పసుపునకును, దానిలోని ఒక పదార్థమును ముద్దగా చేసి దినదినము మ్రింగుటకును పోలిక లేదు. అట్టి వస్తువును సంఘము తన పేర అమ్మినచో, తిన్నవాని యారోగ్యమునకు సంఘమే జవాబుదారి. మన సభ్యులలో ఎంతమంది ఆ బాధ్యతపై వ్రేలిముద్ర వేయుదురు?

శుద్ధి చేయుటలో మఱియొక మెలిక కలదు. సారము గట్టిపడినప్పుడు మంచితోపాటు చెడుగును గట్టిపడును. పొలములో చల్లిన పురుగుమందులలో జిడ్డులో కరగు గుణము గలవి ద్రావకముతోపాటు దిగి, జిడ్డు సారములో చేరి, కొమ్ములో నున్నదానికంటె అనేక రెట్లు హెచ్చుగా కనబడును. కొమ్ములుగా నున్నప్పుడు ఒప్పుకొన్న సరకునే సారముగా చేసినపుడు త్రోసివేయుదురు. కాబట్టి శుద్ధి కర్మాగారములో మొదలగునది కాదు, పురుగుమందు డబ్బా మూత తీసినప్పుడే మొదలగును. పసుపునకు సిఫారసు లేని మందును, అంగడివాడు చెప్పెనని, త్రవ్వుటకు కొలది వారముల ముందు చల్లుట మేము చాల చోట్ల చూచుచున్నాము.

త్రవ్విన పిదప చేయు పని రైతుచేతిలోనిది. దానినిబట్టి పాలు నిలుచును, పోవును. ఉడికించుటవలన రంగు కొమ్మంతటను సమముగా ప్రాకును, పచ్చివాసన పోవును, త్వరగా ఎండును. కాని దానికొక మితమున్నది. బానలో 45 నిమిషములనుండి గంట వఱకు చాలును. నురుగు పొంగి, తెల్లని ఆవిరి లేచి, పసుపు కమ్మని వాసన వచ్చినపుడు మొద్దుపుల్లతో గ్రుచ్చి చూడవలెను. సులభముగా దిగినచో దింపవలెను. "ఇంకొక కట్టె పడనీ" యను వాడుక మంచిది కాదు. హెచ్చు ఉడుకునకు రంగు చెడును. తక్కువ ఉడికినచో కొమ్ము పెళుసై విఱుగును. తల్లి దుంపలను, కొమ్ములను ఒకే బానలో వేసినచో ఒకటి ఉడికి ఒకటి ఉడకదు. ఆవిరి బాయిలర్లు వచ్చిన గ్రామములలో ఈ చిక్కు తగ్గినది, కట్టెలును మిగిలినవి. ఆఱబెట్టునపుడు రెండు మూడు అంగుళముల మందమునకు మించక పఱచి, రాత్రులు కప్పి, 10 మొదలు 15 దినములు ఎండనీయవలెను. విఱిచినపుడు లోహమును తట్టినట్లు ఖంగుమను శబ్దము రావలెను. తేమ నూటికి 10 పాళ్లకు దిగకున్నచో బూజు పట్టును. ఆ బూజులో పుట్టు విషములను ఏ మెఱుగును పోగొట్టదు. మెఱుగు పెట్టునపుడు రంగుపొడులు చల్లుట పాపమే గాక నేరము. మెటానిల్ యెల్లో అను రంగు, సీసపు క్రోమేటు అను విషము, ఇట్టివి దొరికిన బస్తా ఒక్క రైతుదే యైనను, చెడుపేరు ఆ యూరి పసుపున కంతటికిని వచ్చును.

విత్తనమును గూర్చి ఒక మాట. కోళిక్కోడులోని సుగంధ ద్రవ్యముల పరిశోధన సంస్థవారు విడుదల చేసిన ప్రభ, ప్రతిభ అను రకములలో కర్కుమిన్ నూటికి 6 పాళ్లకు పైన నున్నదని వారు చెప్పుచున్నారు. నేలనుబట్టి, ఎరువునుబట్టి అది మాఱును. నాటు రకములలో పాలు తక్కువైనను దిగుబడి ఎక్కువగా నుండవచ్చును. ఉదాహరణకు, ఎకరమునకు 20 క్వింటాళ్లు పండి 3 పాళ్లున్న చేనిలో కర్కుమిన్ మొత్తము 60 కిలోలు. 14 క్వింటాళ్లే పండి 5 పాళ్లున్న చేనిలో 70 కిలోలు. సారము తీయువానికి రెండవ చేను మేలు. బరువునకు ధర కట్టు అంగడిలో మొదటి రైతు గెలుచును, రెండవవాడు వచ్చు సంవత్సరము మరల నాటు దుంపనే నాటును. అతనిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. మేము ఎన్ని ప్రదర్శన క్షేత్రములు వేసి చూపినను, అంగడి తూకపురాయి మాఱనంతవఱకు మంచి విత్తనము నిలువదు.

"మన సరకుతో ఇతరులు ధనవంతులగుచుండ చూచుచు నుండవలసినదేనా" యని కొందఱు సభ్యులు మాతో వాదించిరి. ఆ బాధ న్యాయమైనదే. గ్రామములో నిలువదగిన సారపు పని అసలే లేదనియు మేము చెప్పము. నిమ్మగడ్డి తైలమును చూడుడు. గడ్డిని కోసి పాత్రలో నింపి క్రిందనుండి ఆవిరి పంపినచో, తైలము ఆవిరితో లేచి చల్లని గొట్టములో నీరై దిగును. నీరు క్రిందను తైలము పైనను తమంతట తామే విడిపోవును. ఇచ్చట ద్రావకము నీరే, శుద్ధి చేయునదియు నీరే. అగ్నిభయము పొయ్యి దాటి రాదు. 100 కిలోల పచ్చిగడ్డికి సుమారు అర కిలో తైలము వచ్చును. గడ్డి దూరము మోయుటకు బరువైనది, తైలము తేలికైనది. కాబట్టి బట్టీ చేని గట్టుననే ఉండుట లాభము. ఇట్టిదానికి సంఘము సొమ్ము పెట్టిన మేము సంతోషింతుము, కొనువాడు ముందుగా కుదిరినచో. ఎండు పసుపు అట్టిది కాదు. అది సంవత్సరము నిలువయుండగలదు, లారీ ఎక్కి ఎంత దూరమైనను పోగలదు, కాబట్టి కర్మాగారము మన యూరికి వచ్చి తీరవలసిన యవసరము దానికి లేదు.

ఆ యంత్రమునకు పెట్టదలచిన అప్పులో పదవ వంతుతో సంఘము చేయగలది చాల కలదు. ఆవిరి బాయిలరు ఒకటి, సిమెంటు కళ్లము ఒకటి, తేమ కొలుచు చిన్న యంత్రము ఒకటి, పాళ్లవారీగా రాసులు వేఱుగా నుంచుటకు అడ్డుగోడలు గల గిడ్డంగి ఒకటి. వీనికంటెను ముఖ్యము పరీక్ష. గుంటూరులో సుగంధ ద్రవ్యముల బోర్డువారి నాణ్యత పరీక్షాశాల కలదు. 2025 జనవరిలో ఏర్పడిన జాతీయ పసుపు బోర్డు నిజామాబాదును ముఖ్యస్థానముగా చేసికొన్నది. ఆ బోర్డు మొట్టమొదట చేయవలసిన పని ప్రతి పసుపు యార్డులోను, వేలమునకు ముందు పాలు చెప్పు చిన్న ప్రయోగశాలను ఏర్పఱచి, ఆ అంకెను రాసిపై పలకమీద వ్రాయించుట యని మా యభిప్రాయము. మన సంఘములన్నియు కలసి దీనికై తీర్మానములు పంపవలెను.

అంతవఱకు సంఘమే నమూనాలు తీసి పంపవలెను, అది కష్టమేమియు కాదు. ఒక రైతు పసుపును మఱియొక రైతు పసుపుతో కలుపరాదు. బస్తా పైనుండియు, నడుమనుండియు, అడుగునుండియు పిడికెడు చొప్పున తీసి ఒక గోనెపై పోసి బాగుగా కలియబెట్టవలెను. ఆ కుప్పను చదునుచేసి నాలుగు భాగములుగా గీచి, ఎదురెదురు భాగములు రెండింటిని ఉంచి తక్కిన రెండింటిని తీసివేయవలెను. మిగిలినదానిని మరల కలిపి అట్లే చేయుచు, కిలోన్నరకు తెచ్చి, మూడు సంచులలో అర కిలో చొప్పున పోసి, రైతు, సంఘ కార్యదర్శి ఇరువురును చేవ్రాలు చేసి ముద్ర వేయవలెను. ఒకటి పరీక్షాశాలకు, ఒకటి కొనువానికి, మూడవది తగవు వచ్చినప్పటికై సంఘపు పెట్టెలో. ఈ మూడవ సంచిని కిటికీ దగ్గఱ ఉంచరాదు. వెలుతురు తగులని చోట, నల్లని గుడ్డలో చుట్టి ఉంచవలెను.